పైన ఇసుక, కింద బంగారం: మట్టి శాంపిల్స్‌తో తెలుస్తుందా?

“పైనంతా కొట్టుకొచ్చిన మట్టి కప్పేసిన చోట, కింద బంగారం ఉందని మట్టి పరీక్షతో చెప్పొచ్చా?” అని అడిగారు. చెప్పొచ్చు. కాకపోతే ఏ మట్టి తీశారన్నదే తేల్చాలి. తప్పు పొర తీసి పంపితే, ఎంత ఖరీదైన మెషినైనా ఆ తప్పు పొర గురించే చక్కగా చెబుతుంది.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఛాలెంజర్ గని 1995లో కాల్‌క్రీట్ శాంపిళ్లతోనే బయటపడింది. కాల్‌క్రీట్ అంటే ఆ ఎడారి నేలల్లో, చాలాచోట్ల రెండు మీటర్లలోపే ఉండే తెల్లటి సున్నపు పొర. నీటితో పాటు, చెట్ల వేర్ల ద్వారా పైకొచ్చిన బంగారం కాల్షియంతో కలిసి అక్కడ చేరుతుంది.

ఆగర్‌తో, అంటే మట్టిని తొలిచే మరలాంటి పనిముట్టుతో దిగుతూ, వచ్చిన మట్టి మీద 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. ఎక్కడ బుసబుసా పొంగితే ఆ లోతుదే కిలో దాకా తీయండి. అన్ని గుంతల్లో ఒకే లోతులో తీయాలని పట్టుబట్టే సూపర్‌వైజర్లుంటారు. అలా తీస్తే ఒక సంచిలో సున్నం, పక్కదాంట్లో వట్టి ఇసుక. చివరికి గీసేది బంగారం మ్యాప్ కాదు, సున్నం మ్యాప్! అందుకే ల్యాబ్‌లో కాల్షియం కూడా కొలిపించాలి. అది మరీ తక్కువగా ఉన్న శాంపిల్‌లో బంగారం రాలేదంటే, కింద లేదని కాదు. ఇక్కడ బంగారం వెతికేది పీపీబీల్లో (వంద కోట్లలో ఒక వంతు), అంటే టన్నుకు మిల్లీగ్రాముల లెక్కలో. అందుకే చేతి ఉంగరం తీసి జేబులో పెట్టుకోండి, దాని బంగారం శాంపిల్‌కు అంటొచ్చు. ప్రతి 20 శాంపిళ్లకూ ఒక డూప్లికేట్ (అదే చోట తీసిన రెండో శాంపిల్), ఒక బ్లాంక్ (బంగారం లేదని తెలిసిన శాంపిల్) పంపండి.

కప్పు మట్టి పది మీటర్లు దాటిందంటే కాల్‌క్రీట్‌ని గుడ్డిగా నమ్మొద్దు. గాలి ఒత్తిడితో ముక్కల్ని పైకి తెచ్చే ఎయిర్‌కోర్ డ్రిల్‌తో రాతిలోకి దిగాల్సిందే. ఎక్కువగా చెడేది కూడా అక్కడే: మట్టికీ రాతికీ మధ్య గులకరాళ్ల పొరను, కింది మెత్తబడ్డ రాతిని ఒకే సంచిలో వేసేస్తారు. గుండ్రని క్వార్ట్జ్ రాళ్లుంటే ఆ బంగారం ఎక్కడో ఎగువ నుంచి కొట్టుకొచ్చి ఉండొచ్చు. పదునైన అంచులుంటే దగ్గర్లోదే. రెండూ కలిపేశాక ఏదీ తేలదు. ఇంకో సంగతి, ఉప్పు భూగర్భజలాలున్న చోట మెత్తబడ్డ రాతి పైభాగం నుంచి బంగారం కరిగి వెళ్లిపోతుంది. బంగారం సున్నా, దానితో పాటు తరచూ ఉండే ఆర్సెనిక్ మాత్రం ఎక్కువ అని రిపోర్టు వస్తే గుంత వదిలేయకండి, ఇంకా లోతుకు దిగండి.

మన కర్నూలు జిల్లా జొన్నగిరి బంగారు గని దగ్గర ఈ తిప్పలు తక్కువ, పాతకాలపు తవ్వకాలే ఆనవాళ్లు చూపించాయి.

మట్టే కాదు, ఆకులూ ఆధారం ఇస్తాయి. 2013లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు యూకలిప్టస్ ఆకుల్లో బంగారు రేణువులు చూపించారు. వేర్లు సుమారు 30 మీటర్ల లోతు నుంచి లాగాయట. పేపర్లు వెంటనే ‘చెట్లకు బంగారం కాస్తోంది’ అని రాసేశాయి. ఒక ఉంగరానికి 500 చెట్లు కావాలని వాళ్లే చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. శాంపిల్‌గా ఆకులు తీసేవాళ్లు ఒకే జాతి చెట్టు, ఒకే వయసు ఆకులు ఎంచుకోవాలి. గని దగ్గర్లో అయితే బాగా కడగాలి. లేకపోతే కొలిచేది చెట్టును కాదు, దుమ్మును.