టార్క్ అర్థమైన కుర్రాడికి ఈవీ భయం ఎందుకమ్మా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. మెకానికల్ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. పొద్దస్తమానం పెట్రోల్ ఇంజిన్ గొప్పా, డీజిల్ గొప్పా అని వీడియోలే. ఇప్పుడన్నీ కరెంటుతో నడిచే ఈవీలు కదా, ఇంజిన్లు చదివితే ఉద్యోగం వస్తుందా? ఈవీ స్పెషలైజేషన్‌లో చేర్పించమంటారా? చివరికి ఆటోనగర్‌లో తేలతాడేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమే. సీట్ల సీజన్ వస్తే చాలు, నా దగ్గరికొచ్చే సగంమంది ఇదే అడుగుతారు. ర్యాంకులు, వెబ్ ఆప్షన్ల సంగతి మీవాడికి తెలిసే ఉంటుంది, వదిలేద్దాం.

ముందు వాడి వీడియోల గొడవ. మీ ఊరి మిర్చి యార్డు గేటు దగ్గర కాసేపు నిలబడండి. నిండా టిక్కీలు వేసుకున్న లారీ రోడ్డెక్కేటప్పుడు డ్రైవర్ ఫస్ట్ గేరులో మెల్లగా క్లచ్ వదులుతాడు. ఇంజిన్ పెద్దగా అరవదు, బండి మాత్రం కదిలిపోతుంది. ఆ తిప్పే బలం టార్క్. ఆ బలానికి వేగం తోడైతే పవర్. క్రెటా కారునే చూడండి. 1.5 లీటర్ల మామూలు పెట్రోల్, డీజిల్ రెండింటికీ పవర్ దాదాపు సమానం, 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) దగ్గర. కానీ పెట్రోల్ దాన్ని అందుకోవాలంటే 6,300 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా అరవాలి, డీజిల్‌కు 4,000 చాలు. టార్క్ పెట్రోల్‌కు 144 న్యూటన్ మీటర్లు, అదీ 4,500 దగ్గర. డీజిల్‌కు 1,500 దగ్గరే 250.

డీజిల్‌లో గాలిని చాలా గట్టిగా నొక్కుతారు. ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది, స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు. ఆ ఒత్తిడికి తట్టుకునేలా భాగాలు బరువుగా చేస్తారు కాబట్టి డీజిల్ ఇంజిన్ మరీ వేగంగా తిరగడం కుదరదు. అయితే ఈ టార్క్ తేడాలో పెద్ద వాటా ఆ డీజిల్‌కున్న టర్బోది, అంటే ఇంజిన్‌లోకి గాలిని అదనంగా తోసే పరికరానిది. అదే క్రెటా టర్బో పెట్రోల్ 253 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఈ మాట మీవాడి దగ్గర అనండి, వీడియో ఆపి మీవైపు చూస్తాడు.

ఇక ఈవీ స్పెషలైజేషన్. దీనిమీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఈవీలు రావని కాదు, వచ్చేశాయి. కానీ ఆ బండిలో ప్రధానమైన పని మోటారు కంట్రోల్, పవర్ ఎలక్ట్రానిక్స్, బ్యాటరీ. అది ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వాళ్ల ఇలాకా. మెకానికల్ సిలబస్‌కు నాలుగు ఈవీ సబ్జెక్టులు తగిలించి కొత్త పేరు పెడితే పిల్లవాడు అటూ ఇటూ కాకుండా పోతాడు. నేను చూసిన ఒక కాలేజీలో ఈవీ ల్యాబ్ అంటే అడ్డంగా కోసిన స్కూటర్ ఒకటి, గోడకు చార్టులు! మోటారు కూడా తిప్పే యంత్రమే. కాకపోతే నిలబడ్డచోటే పూర్తి టార్క్ ఇస్తుంది. ఇంజిన్ టార్క్ గ్రాఫు గీయగలిగినవాడు మోటారు గ్రాఫూ గీస్తాడు. మెకానికల్ చదివి, ఎలక్ట్రానిక్స్ కొంచెం కష్టపడి నేర్చుకోమనండి.

డీజిల్ పోతోందంటారా? కార్లలో తగ్గిన మాట నిజమే, మారుతి 2020లోనే ఆపేసింది. లారీలు, ట్రాక్టర్లు, వరికోత మిషన్లు ఇంకా దానిమీదే నడుస్తున్నాయి.

కోప్పడకండమ్మా, ఆటోనగర్‌లో తేలడం ఏమిటి? విజయవాడలో ఆ షెడ్లమీద ఎన్ని వేల కుటుంబాలు బతుకుతున్నాయో మీకు తెలియదా? 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగమీద బీఎస్6 నిబంధనలు వచ్చాక లారీలో యూరియా ద్రావణం, పొగ ఫిల్టర్, సెన్సర్లు చేరాయి. ల్యాప్‌టాప్ తగిలించి లోపం పట్టేవాడు కావాలి. మీవాడు చేతికి గ్రీజు అంటించుకుంటానంటే మీరు సిగ్గుపడుతున్నారు. వాడు సిగ్గుపడటం లేదు. ఇష్టం ఉన్న పిల్లవాడు కాస్త ఆలస్యంగానైనా నిలదొక్కుకుంటాడు, టెన్షన్ పడకండి.

ఆప్షన్లు పెట్టేముందు వాణ్ని వెంటబెట్టుకుని రెండు మూడు కాలేజీలకు వెళ్లండి. ఇంజిన్ల ల్యాబ్ చూపించమనండి. తాళంచెవి ఎవరి దగ్గరుందోనని వాళ్లు వెతకడం మొదలెడితే, ఆ కాలేజీని జాబితాలో కిందికి జరపండి.