చవక ఫ్లెక్స్ పాళీ పెన్ను నొక్కితే రెండు గీతలే పడుతున్నాయి, కాసేపటికి ఇంకు కక్కుతోంది: ఏం చేయాలి?

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. నూడ్లర్స్ కంపెనీ అహాబ్ పెన్ను, దానికి స్టీలు ఫ్లెక్స్ పాళీ, అంటే నొక్కితే చీలికకు రెండు పక్కలా ఉన్న రెక్కలు విడి గీత లావయ్యే పాళీ. నొక్కి రాస్తే మధ్యలో ఇంకు లేకుండా రైలు పట్టాల్లా రెండు గీతలే మిగులుతున్నాయి. ఉన్నట్టుండి బొట్టు కక్కుతోంది. జీబ్రా జి పాళీ వేస్తే బాగుపడుతుందా, తెలుగు రాయడానికి ఇవి పనికొస్తాయా అనేవి మిగతా రెండు.

పాళీ జోలికి ఇప్పుడే పోకండి. ఈ ధరలో దొరికే ఫ్లెక్స్ పెన్నుల్లో గొడవ చాలావరకు ఫీడ్‌ది, అంటే పాళీ కింద ఉండే నల్లటి నాలికది. లెక్క చూడండి. మామూలుగా 0.4 మి.మీ. గీత గీసే పాళీని 1.6 మి.మీ. దాకా విప్పితే, అదే వేగంలో రాయడానికి నాలుగింతల ఇంకు కావాలి. నాలికలోని సన్న గాడి అంత ఇంకు అందించలేకపోతే రెండు రెక్కల మధ్య ఉన్న ఇంకు పొర తెగిపోతుంది. రెక్కల మొనలు మాత్రం చెరో గీత గీస్తూ పోతాయి. అందుకే అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని, డబ్బు ఖర్చులేనిది, నెమ్మదిగా రాయడం. బాల్ పెన్ను వేగంతో ఏ ఫ్లెక్స్ పాళీ రాయదు.

నెమ్మదిగా రాసినా గీత చీలుతుంటే ఒక పరీక్ష చేయండి. పాళీని, నాలికను కలిపి ఇంకు సీసాలో పూర్తిగా ముంచి, బొట్టు రాలగొట్టి, లావు గీతలు గీయండి. మొదటి రెండు మూడు వరసలు నిండుగా వచ్చి తర్వాత చీలితే ఇంకు సరఫరా తక్కువని అర్థం. ముంచిన వెంటనే కూడా చీలితే పాళీ మీద నూనె జిడ్డుందనో, పాళీకీ నాలికకూ మధ్య ఖాళీ ఉందనో అనుకోవాలి. ఈ రెంటికీ మందు వేరు కాబట్టి పరీక్ష మానేసి కత్తి పట్టుకోవద్దు.

జిడ్డు సంగతి తేలిక. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవ సబ్బు రెండు చుక్కలు వేసి, పాళీని నాలికను విడదీసి అరగంట నాననివ్వండి. పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో గాడి పొడవునా రుద్ది, సబ్బు పోయేదాకా కడగండి. అహాబ్‌లో పాళీ, నాలిక మరలతో బిగించినవి కావు, ఒత్తిడి మీద నిలిచేవి. సైకిల్ ట్యూబు ముక్కతో రెంటినీ కలిపి పట్టుకుని నిటారుగా లాగితే వచ్చేస్తాయి. మెలితిప్పితే నాలిక అంచులు చిట్లుతాయి. పెన్ను గొట్టాన్ని మాత్రం వేడినీళ్లలో పెట్టకండి, వంకర పోతుంది. ఆ గొట్టం నుంచి వచ్చే వాసన దాని పదార్థానిదే. కడిగితే పోదు, గాలికి ఉంచితే కొంత తగ్గుతుంది.

ఇక కూర్చోబెట్టడం. పాళీ చీలిక, నాలిక గాడి ఒకే వరసలో ఉండాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఒక రెక్కే తడుస్తుంది. నాలిక మొన పాళీ మొనకు దగ్గరయ్యేకొద్దీ ఇంకు ఎక్కువ దిగుతుంది, దూరమయ్యేకొద్దీ తగ్గుతుంది. అహాబ్ వాళ్లు ఈ రెంటినీ ముందుకూ వెనక్కీ జరుపుకునేలా వదిలేసింది ఇందుకే. కొత్తగా కొన్నవాళ్లు దీన్ని లోపం అనుకుంటారు గానీ ఆ పెన్నులో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే. ఒకసారికి అర మి.మీ. చొప్పున జరపండి, ప్రతిసారీ రాసి చూడండి. నాలిక మరీ ముందుకొస్తే వాలుగా రాసేటప్పుడు కాగితానికి తగులుతుంది.

తర్వాత పాళీకీ నాలికకూ మధ్య సన్నని కాగితం పేలిక దూర్చి చూడండి. ఎక్కడైనా పట్టకుండా జారిపోతే అక్కడ ఖాళీ ఉన్నట్టు. అహాబ్ నాలిక ఎబొనైటుది, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వేడికి మెత్తబడుతుంది, చల్లారాక అదే ఆకారంలో నిలుస్తుంది. రాజమండ్రిలో లేత్ మీద తిప్పే చేతి పెన్నుల్లో ఎబొనైటు నాలికలున్నవాటికీ ఇదే వైద్యం. కప్పులో మరిగిన నీళ్లు పోసి ఒక నిమిషం ఆగండి. ఇంకు ఖాళీ చేసిన పెన్నును బయటికి కనబడే పాళీ భాగం వరకే ముప్పై సెకన్లు ముంచండి. తీసిన వెంటనే మడిచిన గుడ్డ అడ్డం పెట్టి, కింద నుంచి నాలికను పాళీకేసి బొటనవేలితో నొక్కి, అర నిమిషం అలాగే పట్టుకుని, చన్నీళ్ల కింద పెట్టండి. నీళ్లలో గంధకం వాసన వస్తుంది, నాలిక పైపైన కాస్త వెలిసినట్టు కావచ్చు, ఖంగారొద్దు. ఒక్కసారికి చాలకపోతే మళ్లీ చేయండి. మరీ గట్టిగా నొక్కితే మాత్రం నాలిక రెక్కలను పైకి తోసి చీలికను విప్పేస్తుంది. అప్పుడు నొక్కకుండా రాసినా లావుగా పడుతుంది, మొన దగ్గర ఇంకు ఆగదు. నాలిక ప్లాస్టిక్‌దైతే ఈ పద్ధతి నమ్మకంగా పనిచేయదు.

ఇవన్నీ అయ్యాక కూడా ముంచిన పరీక్షలో మొదటి వరసలే బాగుండి తర్వాత చీలుతుంటే, అప్పుడు గాడి లోతు చేయాలి. వెడల్పు కాదు, లోతు. ఇంకును ముందుకు లాక్కొచ్చేది గాడి సన్నదనం. వెడల్పు చేస్తే ఆ లాగుడు తగ్గిపోయి, పెన్ను నిటారుగా పడితే బొట్టు కారుతుంది, పడుకోబెడితే ఎండుతుంది. సన్నమొన బ్లేడు కత్తితో నాలిక వెనక నుంచి ముందుకు, ఉన్న గాడిలోనే, బరువు వేయకుండా రెండు మూడు సార్లు లాగండి. పొట్టు బ్రష్‌తో దులిపి, కడిగి, అమర్చి, ఇంకు పోసి ఒక పేజీ రాసి, చాలకపోతేనే మళ్లీ. నాలిక మొనకు ఆఖరి 2 మి.మీ. వదిలేయండి, అక్కడ కోస్తే బొట్టు నిలిచే చోటు పోతుంది. ఇంకా ఎక్కువ ఇంకు కావాలంటే ఉన్నదాని పక్కనే సమాంతరంగా మరో సన్న గాడి గీయడం మేలు. కోసింది మళ్లీ అతకదు కాబట్టి అదనపు నాలిక ఒకటి చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి.

బొట్టు కక్కడానికి కారణం వేరు. దిగిన ఇంకు స్థానంలోకి లోపలికి గాలి వెళ్లాలి. గాలి దారి సాఫీగా లేకపోతే లోపల శూన్యం పెరిగి గీత ఎండుతుంది, తర్వాత ఒకేసారి బుడగ లోపలికి దూరి ఇంకు బయటికి తన్నుతుంది. మీరు చెప్పినట్టు గీత చీలడం, వెనకాలే బొట్టు పడడం ఒకదాని తర్వాత ఒకటి జరుగుతుంటే రెంటికీ మూలం ఇదే కావచ్చు, గాడి శుభ్రం చేస్తే రెండూ పోతాయి. అలాకాక గొట్టంలోకే నేరుగా ఫిల్లర్‌తో ఇంకు పోసి వాడుతుంటే, చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకును నెడుతుంది. గొట్టం నిండుగా ఉన్నప్పుడు ఏమీ కాదు, మూడో వంతు కంటే తగ్గాక మొదలవుతుంది. మన వేసవిలో, ఏసీ గదిలోంచి బయటికొచ్చినప్పుడు మరీను. సగానికి రాగానే నింపుకోవడమే మార్గం. మరల దగ్గర ఓ-రింగు, పల్చగా సిలికాన్ గ్రీజు తప్పనిసరి. వాజిలైన్ రాయకండి, రబ్బరు రింగు ఉబ్బి పాడవొచ్చు. లోతు చేసిన నాలికతో నేరుగా ఇంకు పోసే పద్ధతి రెండూ కలిపితే కక్కడం పెరుగుతుంది. అలాంటి పెన్నుకు దానితో వచ్చిన, ఇంకు పీల్చే పిస్టనే ఉంచుకోండి.

ఇంకు విషయంలో ఫౌంటెన్ పెన్నులకని అమ్మే ఏ రంగు ఇంకైనా సరే, బ్రిల్, కామెల్ నిక్షేపంగా నడుస్తాయి. చార్టులు గీసే ఇండియన్ ఇంకు, అక్రిలిక్ ఇంకు పోస్తే నాలిక గాడిలో గట్టిపడి పెన్ను పోతుంది. ఇంకు మరీ బద్ధకంగా పారుతుంటే 5 మి.లీ. ఇంకులో టూత్‌పిక్ మొనతో ముట్టించినంత ద్రవ సబ్బు చాలు. ఎక్కువైతే అక్షరం కాగితం మీద ఈకలు తీస్తుంది, అంటే ఇంకు అంచుల వెంట పాకుతుంది. జిరాక్స్ కాగితం ఎలాగూ తీస్తుంది, 100 జి.ఎస్.ఎం. బాండు పేపరు వాడండి.

పాళీ గట్టిగా ఉంది, నొక్కితే వేళ్లు నొప్పి అనిపించొచ్చు. స్టీలుతో అది ఉన్నదే. ఫ్లెక్స్ అని అమ్మే చవక పాళీల్లో చాలావాటిని సెమీ ఫ్లెక్స్, అంటే కొద్దిగా వంగేవి అనడమే న్యాయం, పాతకాలపు బంగారు పాళీల మెత్తదనం వీటిలో వెతకొద్దు. రెక్క వంగడంలో మూడు కొలతలున్నాయి. రేకు మందం పదోవంతు తగ్గితే బిగువు పావు వంతుకు పైగా పడిపోతుంది. రెక్క పొడవు పెరిగినా అంతే జోరుగా మెత్తబడుతుంది, అహాబ్ పాళీకి చీలిక అంత పొడవుగా పెట్టింది అందుకే. వెడల్పు పదోవంతు తగ్గిస్తే మాత్రం బిగువూ పదోవంతే తగ్గుతుంది. కాబట్టి ఇంట్లో చేసేవాళ్లకు క్షేమమైనది వెడల్పు తగ్గించడం, అంటే పాళీ భుజాల్లో రెండు పక్కలా అర్ధచంద్రాకారంగా కోయడం. ఫౌంటెన్ పెన్ రెవల్యూషన్ వాళ్ల అల్ట్రా ఫ్లెక్స్ పాళీకి ఈ కోతలు ముందే ఉంటాయి. చేతిలో పని ఉన్నవాళ్లు చిన్న గ్రైండర్‌తో కోయొచ్చు. కళ్లద్దాలు పెట్టుకుని, రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచుతూ. రేకు పసుపు, నీలం రంగులకు తిరిగితే ఉక్కు పదును పోయి, వంగిన రెక్క వెనక్కి రాదు. చీలిక నుంచి కోత అంచు వరకు ఒక్కో పక్క కనీసం 2 మి.మీ. రేకు మిగలాలి, రెండు పక్కలా సమానంగా ఉండాలి. లేకపోతే ఒక రెక్క ముందు వంగి, మొనలు మెట్టు పడతాయి. రెక్కల మందం అరగదీసే సాహసం మాత్రం వద్దు.

నొక్కినప్పుడు విడిన రెక్కలు వదిలాక కలవకపోతే పాళీ సాగినట్టే. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో (10ఎక్స్ లూప్) చూస్తూ ఒక రెక్కను రెండోదాని కిందికి మెల్లగా దాటించి ఒక క్షణం ఉంచండి, తర్వాత అటుది ఇటు. చీలిక మూసుకుని, మొన దగ్గర రెక్కలు ముట్టీ ముట్టనట్టు ఉంటే చాలు. చీలిక ముగిసే చోట మడత గానీ పగులు గానీ కనిపిస్తే ఆ పాళీని మార్చేయడమే. మన దుకాణాల్లో పాళీని పొడవుతో అడుగుతారు, 35 మి.మీ. అంటే 6వ నంబరు, అహాబ్‌కు సరిపోయేది. కాన్‌రైట్ ఫ్లెక్స్ పాళీ ఈ కొలతలో దొరుకుతుంది, జేబుకు బరువు కాదు.

జీబ్రా జి ముంచి రాసే పాళీ, ఫౌంటెన్ పెన్ను కోసం చేసింది కాదు. వెంట్రుకంత సన్నగీత, తక్కువ ఒత్తిడికే బాగా విడిపోవడం దాని గొప్ప. అహాబ్‌లోనూ, జిన్‌హావో ఎక్స్ 750 లాంటి వాటిలోనూ దూర్చుకుంటారు. నాలిక మీద ఊగుతుంటే మొదలు వంపును ప్లయర్స్‌తో, గుడ్డ అడ్డం పెట్టి, కొద్దికొద్దిగా సరిచేయాలి. అయితే మీ పెన్నుకు ఇప్పుడున్న జబ్బు దీనితో ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఇది మరింత ఇంకు అడుగుతుంది. నాలిక బాగుపడ్డాకే దీని మాట. వేసేముందు ఫ్యాక్టరీ నూనెను సబ్బుతో కడగండి, మంట మీద కాల్చకండి. మొనకు గట్టిలోహపు గుండు లేదు కాబట్టి పైకి గీసేటప్పుడు కాగితంలో గుచ్చుకుంటుంది, త్వరగా అరుగుతుంది. పైపూత పోయిన చోట తుప్పు పడుతుంది. రోజూ ఇంకులోనే ఉంచితే వారాల్లో మార్చాల్సినదే. ఇనుప లవణాలతో చేసే, ఆమ్లగుణమున్న ఐరన్ గాల్ ఇంకు పోస్తే ఇంకా ముందే. రాయని రోజుల్లో పెన్ను ఖాళీ చేసి, పాళీ ఊడదీసి తుడిచి ఆరబెట్టండి.

తెలుగుకు పనికొస్తుంది, అయితే వాలుగా రాసే ఇంగ్లీషు అలంకార దస్తూరి కాపర్‌ప్లేట్ పాఠాలు నేరుగా కుదరవు. అక్కడ వాలు గీతలు పొడవుగా దిగుతాయి, నొక్కడానికి వ్యవధి ఉంటుంది. మన అక్షరం సున్నా తిరుగుతూ పోతుంది. చేయి కిందికి దిగే వైపు మాత్రమే నొక్కి, అడుగు వంపు రాకముందే ఒత్తిడి వదిలేయాలి. వంపులో నొక్కితే రెక్కలు అడ్డంగా మెలిపడతాయి, పాళీ సాగేది అక్కడే. తలకట్టులో మొదటి చిన్న దిగుడు లావుగా, పైకెగిసే గీత సన్నగా వస్తే అందం. గుడి, సుడి, వత్తులు నొక్కకుండానే రాయండి. లావు గీత 1.2 మి.మీ. అనుకుంటే అక్షరం ఎత్తు 8 మి.మీ.కి తగ్గకూడదు. తగ్గితే వ, ధ, ఠ లోపలి ఖాళీలు ఇంకుతో మూసుకుపోతాయి. మామూలు రూళ్ల నోట్‌బుక్కులో అక్షరానికి రెండు వరసలు తీసుకుంటే సరిపోతుంది.