స్కూల్ కౌన్సెలర్ దగ్గరికి పంపితే పిల్లాడి రికార్డులో పడుతుందా?

ముందు జవాబు చెప్పేస్తాను: ఆ అనుమతి పత్రం మీద సంతకం పెట్టి పంపండి. కాకపోతే పంపే ముందు కౌన్సెలర్‌కు ఒక ఫోన్ చేయండి. ఎందుకో కింద రాస్తాను.

మీరు రాసిన ప్రకారం, హైదరాబాదు నుంచి అమెరికాలోని న్యూజెర్సీకి వచ్చి నాలుగు నెలలైన మీ రెండో తరగతి బాబు క్లాసులో నోరు విప్పడం లేదు. వారానికోసారి భోజనం వేళ మరికొందరు పిల్లలతో కలిపి కూర్చోబెడతామని కౌన్సెలర్ అనుమతి పత్రం పంపింది. ‘రికార్డులో పడుతుంది, వద్దు’ అని మీ వారు అంటున్నారు. మీరు రాసినది చదువుతుంటే మా ఇంట్లో జరిగిన వాదన గుర్తొచ్చింది. మేమూ న్యూజెర్సీలోనే ఉంటాం. మా అబ్బాయి ఒకటో తరగతిలో ఇలాంటి గ్రూపులోనే కూర్చున్నాడు. తర్వాత నేను వేరే ఎలిమెంటరీ స్కూల్లో పారాగా, అంటే టీచరుకు సహాయకురాలిగా చేరాను కాబట్టి ఆ వైపు సంగతులూ కొంత తెలుసు.

ఇక్కడ మనవాళ్లు చాలామంది కౌన్సెలర్‌నీ, చైల్డ్ స్టడీ టీమునీ ఒకే గాటన కట్టేస్తారు. న్యూజెర్సీలో చైల్డ్ స్టడీ టీమ్ అంటే స్కూల్ సైకాలజిస్టు, సోషల్ వర్కరు, అభ్యసన సమస్యల నిపుణురాలు. పిల్లాడికి ప్రత్యేక విద్య అవసరమా, ఐఈపీ (ఆ పిల్లాడి కోసమే విడిగా రాసే విద్యా ప్రణాళిక) రాయాలా అని పరీక్షలు చేసి తేల్చేది వాళ్లు. ఆ పరీక్షలకు మీ రాతపూర్వక అంగీకారం విడిగా అడుగుతారు, ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివి సంతకం పెట్టాలి. మీకు వచ్చింది అది కాదు. లంచ్ గ్రూపులో పరీక్షలూ ఉండవు, రోగనిర్ధారణా ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లు, తోబుట్టువు పుట్టాక ముభావంగా మారినవాళ్లు, ఆటలో ఓడితే ఏడ్చేవాళ్లు, అలాంటి పిల్లలే ఎక్కువ.

రికార్డు మాటకొస్తే, 1974 నాటి ఫెర్పా చట్టం పిల్లల విద్యా రికార్డులను కాపాడుతుంది. కౌన్సెలర్ తన జ్ఞాపకానికి రాసుకుని, ఎవరికీ చూపకుండా తన దగ్గరే ఉంచుకునే నోట్స్ అసలు ఆ రికార్డుల కిందికే రావు. మిగతా ఏ రికార్డునైనా చూపించమని మీరు అడగవచ్చు, 45 రోజుల్లోపు చూపించి తీరాలి. వీసాకూ గ్రీన్ కార్డుకూ దీనితో ఏ సంబంధమూ లేదు, మీ వారికి ఆ మాట గట్టిగా చెప్పండి.

ఇక ఆ గదిలో ఏం జరుగుతుందో మా వాడి సంగతి చెబితే తేలికగా అర్థమవుతుంది. వాడు స్కూలు బస్సు దిగగానే బ్యాగు గుమ్మంలోనే పడేసి బాత్రూముకు పరుగెత్తేవాడు. నీళ్ల సీసా మూత కూడా తీయకుండా తిరిగొచ్చేది. ఎండాకాలం కాదు కదా, దాహం వేయలేదేమో అనుకున్నాం. కౌన్సెలర్ గదిలో ఓ గుండ్రటి బల్ల, మొహాల బొమ్మలున్న కార్డుల కట్ట ఉండేవి. పిల్లలు లంచ్ బాక్సులు తెరుచుకుని తింటూ, వంతులవారీగా కార్డు తీసి ‘నాకు ఇలా ఎప్పుడు అనిపిస్తుంది’ అని చెప్పాలి. మాట రాకపోతే బొమ్మ గీయవచ్చు. మా వాడికి భయపడిన మొహం వచ్చింది. వాడు టాయిలెట్ బొమ్మ గీశాడట! లేచీ లేవకముందే దానంతటదే హోరుమని నీళ్లు వదిలే ఆటోమేటిక్ ఫ్లష్ అంటే వాడికి హడలు. దానికి తోడు, బాత్రూముకు వెళ్తానని ఇంగ్లిషులో ఎలా అడగాలో తెలియక రోజంతా బిగబట్టుకుని కూర్చునేవాడు, నీళ్లు తాగేవాడు కాదు.

కౌన్సెలర్ చేసిన వైద్యం ఏమిటంటే, పసుపు రంగు అంటుడు కాగితాల పుస్తకం ఒకటి వాడి డెస్కులో పెట్టించింది. ఒక కాగితం చించి ఆ ఫ్లష్ సెన్సర్ కన్ను మీద అతికిస్తే, తీసేదాకా నీళ్లు రావు. అడగడానికి మాట అక్కర్లేకుండా టీచరుకు చూపించే చేతి సైగ నేర్పింది. వాడు క్లాసులో మాట్లాడటం వెంటనే మొదలుపెట్టలేదు, అందుకు ఇంకా చాలాకాలం పట్టింది. కానీ సీసా ఖాళీ అయి రావడం మాత్రం ఆ వారమే మొదలైంది. ఈ సంగతి ఇంట్లో మాకు చెప్పని పిల్లాడు ఆవిడకు చెప్పాడంటే, ఆవిడ మార్కులు వేయదు, తిట్టదు, తొందరపెట్టదు కాబట్టే.

క్లాసుల్లోనూ కౌన్సెలర్లు పాఠాలు చెబుతారు. మంచి స్పర్శ, చెడు స్పర్శ, దాచకూడని రహస్యాలు, శరీర భాగాల అసలు పేర్లు, కష్టం వస్తే చెప్పుకోగల ఐదుగురు పెద్దవాళ్లను చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం. లైంగిక వేధింపుల నుంచి కాపాడుకోవడం బడిలో నేర్పాలన్న ‘ఎరిన్స్ లా’ 2013లో ఇల్లినాయ్‌లో మొదలైంది. న్యూజెర్సీలోనూ అలాంటి చట్టం ఉంది. ఆ పాఠం విన్నాక మా వాడు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు ముద్దు పెట్టబోతే చేయి చాచి ‘హై ఫైవ్’ అన్నాడు. ఆవిడ రెండు రోజులు అలిగారు. నాకైతే ఆ పాఠం బాగానే ఎక్కిందనిపించింది.

మీరు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. పిల్లాడు చెప్పినదాన్ని కౌన్సెలర్ గుట్టుగా ఉంచుతుంది, కానీ ఎవరైనా కొడుతున్నారనో, తాకరాని చోట తాకుతున్నారనో, చచ్చిపోవాలనిపిస్తోందనో అంటే ఉంచదు, ఉంచకూడదు. న్యూజెర్సీలో పిల్లలపై హింస జరుగుతోందని అనుమానించడానికి తగిన కారణం ఉన్న ప్రతి వ్యక్తీ వెంటనే రాష్ట్ర పిల్లల రక్షణ విభాగానికి తెలియజేయాలి. మాలాంటి పారాలకు కూడా మినహాయింపు లేదు. విచారణ చేసేది ఆ విభాగమే, కౌన్సెలర్ ఫోన్ చేస్తుంది, అంతే. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని ఈ రాష్ట్రం 1867లోనే నిషేధించింది. ఇంట్లో అయితే చట్టం ‘మితిమీరిన’ శారీరక దండనను హింస కింద లెక్కిస్తుంది. మన దేశంలోనూ 2009 విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బలను నిషేధించింది, అమలు సంగతి మనకు తెలిసిందే. ఈ నిబంధన విని భయపడి పిల్లాడికి ‘అక్కడ ఏమీ చెప్పకు’ అని నూరిపోసిన తల్లిదండ్రులను చూశాను. అలా నేర్పితే రేపు బస్సులోనో, ఆటస్థలంలోనో నిజంగా ఏదైనా జరిగినా ఆ పిల్లాడు నోరు విప్పడు.

మీ బాబును ఎవరైనా యాసను బట్టో, రంగును బట్టో ఏడిపిస్తుంటే దారి వేరు. 2011 నాటి బెదిరింపుల నిరోధక చట్టం ప్రకారం ప్రతి స్కూల్లో అందుకో బాధ్యురాలు ఉంటుంది, చాలాచోట్ల ఆ పనీ కౌన్సెలరే చూస్తుంది. ఫిర్యాదు అందాక ఒక పనిదినంలో విచారణ మొదలుపెట్టి పది పనిదినాల్లో ముగించాలి. కాబట్టి అలాంటిది ఫోన్లో మాటల మధ్య వదిలేయకుండా ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ రాయండి, తారీఖుతో సహా.

నెలనెలా జరిగే భద్రతా డ్రిల్లుల్లో ఒకటైన లాక్‌డౌన్ డ్రిల్లు (బడిలోకి ప్రమాదకరమైన మనిషి చొరబడితే ఏం చేయాలో సాధన) గురించి కూడా ఒక మాట. దీపాలు ఆర్పి, తలుపు గడియపెట్టి మూల నక్కి కూర్చోవడం కొత్త పిల్లలకు కలలోకి వస్తుంది. డ్రిల్లుకు ముందు బాబుకు విడిగా చెప్పమని కౌన్సెలర్‌ను అడగవచ్చు, చెబుతారు.

కౌన్సెలర్‌కు చేసే ఆ ఫోన్లో ఇవి అడగండి: గ్రూపు ఎన్ని వారాలు, ఏ రోజు, ఆటల విరామం పోతుందా, మధ్యలో మానేయవచ్చా, నాకు ఎలా తెలియజేస్తారు. మీరు గమనించినవీ చెప్పండి, నిద్ర, తిండి, బాత్రూము, అన్నీ. ఆవిడ ఒక్కతే, పిల్లలు వందల్లో. ఒక కౌన్సెలర్‌కు 250 మంది మించకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెబుతున్నా, చాలా స్కూళ్లు ఆ లెక్క దాటిపోయాయి. వారం దాకా కబురు రాకపోతే మీరే మళ్లీ రాయండి, ఏమీ అనుకోరు. గ్రూపు అయిపోయాక కూడా బాబు ముడుచుకునే ఉంటే బయటి థెరపిస్టుల జాబితా ఇస్తారు, పిల్లల డాక్టరుతోనూ మాట్లాడాలి. గ్రూపు ఉన్న రోజు సాయంత్రం మాత్రం ‘ఏమడిగింది, నువ్వేం చెప్పావు’ అని నిలదీయకండి.

మీ వారు కూడా మాట్లాడాలంటే, ఇంగ్లిషులో ఇబ్బందిగా ఉంటే దుబాసీని కోరే హక్కు మీకుంది, డబ్బు కట్టనక్కర్లేదు. ఈమెయిల్‌లో ‘తెలుగు’ అని స్పష్టంగా రాయండి. ఇండియా అని మాత్రమే రాస్తే హిందీ మనిషిని పెడతారు.