ఫిట్టర్ పాఠంలోకి ‘దుర్గుణం’ ఎలా వచ్చింది?

కడప ఐటీఐ పాఠానికి మీరు చేసిన అనువాదంలో ‘రేకును దుర్గుణంలో బిగించండి’ అని రావడానికి కారణం, నిఘంటువులో ఇంగ్లిషు మాట ‘వైస్’ (vice) కింద కనిపించిన మొదటి అర్థాన్నే తీసుకోవడం. సందర్భాన్ని బట్టి ఆ మాటకు అర్థం ఇలా మారుతుంది:

1. పేకాట, తాగుడు వంటి సందర్భమైతే వ్యసనం. స్వభావాన్ని గురించిన మాటైతే దుర్గుణం.

2. చాలామంది దాటవేసేది ఇదే: ఒకే వర్ణక్రమం గల వేర్వేరు పదాలను అనేక నిఘంటువులు అంకెలు వేసి విడివిడిగా ఇస్తాయి కనుక తక్కినవీ చూడాలి. దోషమనే అర్థం గలది లాటిన్ ‘విటియం’ నుంచి వచ్చింది. బల్లకు బిగించి ఉండి, రేకు వంటివాటిని కదలకుండా పట్టే పనిముట్టు పేరు మాత్రం ద్రాక్షతీగ అనే అర్థమున్న ‘విటిస్’ నుంచి, ఫ్రెంచి మీదుగా వచ్చింది (మర, అంటే స్క్రూ, మీది చుట్టు కూడా తీగలాగే మెలి తిరుగుతుంది గదా). అమెరికన్ పుస్తకాలు పనిముట్టుకు ‘సి’ బదులు ‘ఎస్’ వాడతాయి కనుక అక్కడ ఈ చిక్కు లేదు.

3. పదవికి ముందు వస్తే ‘ఉప’: అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు ఉపకులపతి.

మీ వాక్యంలో ‘వైస్’ అనే ఉంచండి. వర్క్‌షాపులో అందరూ అనేదీ అదే.