ట్రైకోగ్రామా అవునో కాదో ఫొటో చూసి చెప్పగలమా?

నిమ్మ మొక్క మీద నల్లబడిన సీతాకోకచిలుక గుడ్డునూ, అందులోంచి వచ్చిన బుల్లి కందిరీగనూ ఫొటో తీసి, ఇది ఇతర పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టే ట్రైకోగ్రామాయేనా, అయితే ఏ జాతి అని మీరు అడిగారు. ఫొటోతో తేలే వ్యవహారం కాదిది, పాదం ఖండాలు లెక్కపెట్టవలసిందే. మూడే ఖండాలుంటే అది ట్రైకోగ్రామా చేరిన ట్రైకోగ్రామాటిడే కుటుంబం. దాని దగ్గరి చుట్టాలకు సాధారణంగా నాలుగో ఐదో ఉంటాయి. రెక్క మీద వెంట్రుకలు బారులు తీరడం కూడా ఒక గుర్తే గానీ, ఈ కుటుంబంలోనే అది సరిగా కనిపించని ప్రజాతులున్నాయి కనుక నేను పాదాన్నే నమ్ముతాను.

కొన్నేళ్ల క్రితం వేసవిలో, మల్కాజిగిరిలో మా డాబా మీది నిమ్మ కుండీలో ఇలాంటి గుడ్డే నాకూ దొరికింది. మామూలు గుడ్డు లేత పసుపుగా ఉండి, పొదిగే ముందు లోపలి పురుగు వల్ల మసకబారుతుంది. ఇది మాత్రం బొగ్గుపొడి అద్దినట్లు అంతటా ఒకే నలుపుగా ఉంది. ఆకుతో సహా హోమియో సీసాలో వేసి దూదితో మూతి బిగించాను. ఐదో రోజు ఉదయం ఆ ఒక్క గుడ్డులోంచే ఏడు కందిరీగలు వచ్చి, అర మిల్లీమీటరు నలకల్లా సీసా గోడ మీద పాకుతున్నాయి. భూతద్దంలో వాటి కళ్లు ఎర్రగా మెరిశాయి. తడి కుంచెతో తెల్ల పళ్లెంలోకి తీస్తుండగా అప్పటిదాకా లేని కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. ఐదు పోయాయి. "నలకల కోసం ఫ్యాను ఆపుకొని ఉడికిపోతావేమిట్రా" అని అమ్మ అంటున్నా వినకుండా, సీసాలో మిగిలిన రెండింటినీ రాజేంద్రనగర్‌లోని మిత్రుడి సూక్ష్మదర్శిని దగ్గరికి తీసుకువెళ్లాను.

రెంటికీ పాదంలో మూడే ఖండాలున్నాయి. అదృష్టం ఏమిటంటే ఒకటి మగది. దాని మీసాలకు పొడవాటి వెంట్రుకలుంటాయి. జాతి తేల్చేది మగదాని జననాంగమే అని కీటక శాస్త్రవేత్తలు సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ 1971లో ప్రచురించిన పరిశీలనలో స్పష్టంగా చూపించారు. మన దేశంలో ఈ పేర్లు ఎంత తారుమారయ్యాయంటే, ఇప్పుడు మనం కైలోనిస్ అంటున్న జాతిని కొన్నాళ్లు ఆస్ట్రాలికమ్ అనీ, తరువాత కన్‌ఫ్యూజమ్ అనీ పిలిచారు. ఆ చివరి పేరు పెట్టినవారు గందరగోళాన్ని ముందే ఒప్పుకున్నట్లుంది! మా మగది కైలోనిస్‌గా తేలింది. వోల్బాకియా అనే బాక్టీరియా సోకిన కొన్ని ట్రైకోగ్రామా సంతతుల్లో మగవి పుట్టనే పుట్టవు, అప్పుడు ఈ దారి కూడా మూసుకుపోతుంది.

ఇంత శ్రమ ఉన్న చోట, అమ్మేవారి ధీమా నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. వరి కాండం తొలిచే పురుగు కోసమని మా బంధువు ఒక దుకాణంలో కొన్న ట్రైకోకార్డు (ఈ కందిరీగలు లోపల పెరుగుతున్న గుడ్లు అంటించిన అట్ట) మీద జపానికమ్ అని మరో ట్రైకోగ్రామా జాతి పేరు ముద్రించి ఉంది. జపానికమ్ నల్లగా ఉంటుంది. ఆ కార్డులోంచి వచ్చినవన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. రంగు ఒక్కటే సాక్ష్యం కాదు, పెంచిన చోటి ఉష్ణోగ్రతను బట్టి అది మారుతుంది. అందుకే మగవాటిని స్లైడు మీదికి ఎక్కించి చూస్తే అవీ కైలోనిస్సే. దుకాణదారు మాత్రం "అన్నీ ఒకటే సార్, గుడ్లు తింటాయిగా" అన్నాడు.

మీ ఫొటోలోనిది మీసాలను బట్టి ఆడదిలా ఉంది. సీసాలో ఇంకేమైనా మిగిలి ఉంటే, మీసాలకు పొడవాటి వెంట్రుకలున్నదాన్ని వెతికి ఆల్కహాల్‌లో వేసి ఉంచండి, ముందు ఫ్యాను ఆపి.