ప్రైమర్ లేకుండా ప్లాస్టిక్ మోడల్‌కి వేసిన యాక్రిలిక్ రంగు ఎందుకు ఊడిపోతుంది?

నున్నటి ప్లాస్టిక్ మీద యాక్రిలిక్ రంగుకు సరైన పట్టు దొరకదు కాబట్టి ఊడిపోతుంది. ఆ పట్టు ఇచ్చేది ప్రైమరే, అంటే రంగు కంటే ముందు అడుగున వేసే పూత. మోడల్ కిట్లలో ఎక్కువగా వాడే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ నీటిని పీల్చదు. యాక్రిలిక్ ఏమో చాలావరకు నీళ్ల రంగు. నీరు ఆరిపోయాక మిగిలేది ప్లాస్టిక్ మీద పరిచినట్టుండే పల్చటి పొర, అంతే. పైగా అచ్చులోంచి వచ్చిన ముక్కలకు జిడ్డు అంటుకుని ఉండొచ్చు. అందుకే గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, పూర్తిగా ఆరాక ప్రైమర్ పల్చగా కొట్టాలి. మందంగా కొడితే మోడల్ మీద చెక్కి ఉన్న చిన్న చిన్న గీతలన్నీ పూడుకుపోతాయి, మోడల్ అందమే పోతుంది.

ఉదాహరణకు 1/72 స్కేల్ (అసలు దానిలో 72వ వంతు) విమానం రెక్క మీద మాస్కింగ్ టేప్ అంటించి చార వేశారనుకోండి. ప్రైమర్ లేకపోతే, టేప్ లాగేటప్పుడు కింది రంగు కూడా దానితోపాటు లేచి, తెల్ల ప్లాస్టిక్ బయటపడుతుంది.

రంగు పైన వార్నిష్ (కాపాడే పారదర్శక పూత) కొడితే ఇదంతా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. వార్నిష్ పైనుంచి పడే గీతల్ని, వేలి జిడ్డును ఆపుతుంది. అడుగున పట్టు ఇవ్వలేదు. అన్నట్టు, హైదరాబాద్‌లో జులై, ఆగస్టు ముసురులో స్ప్రే వార్నిష్ కొట్టకండి. డబ్బాలోని ద్రావకం చటుక్కున ఆవిరై, ఆ చల్లదనానికి గాలిలో తేమ చేరి, ముదురు రంగుల మీద తెల్లటి పొగలా కమ్ముతుంది. తెరిపిచ్చి ఎండ కాసిన రోజు చూసుకోండి, లేదా నీళ్ల వార్నిష్‌ని బ్రష్‌తో వేయండి.