జులై ఎండలో డ్రైసూట్ ఎందుకంటారా?

ప్రశ్న: నిరుడు వేసవిలో లేక్ వాషింగ్టన్‌లో చిన్న తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. ఈసారి షిల్‌షోల్ బే నుంచి ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి వెళ్దామని, అందరికీ డ్రైసూట్, అంటే నీళ్లు లోపలికి రాకుండా ఒళ్లంతా కప్పే సూట్, ఉండాలని మా బృందం అంటోంది. 25 డిగ్రీల ఎండలో అంత సరంజామా అవసరమా? వాడిన సూట్ ఒకటి అమ్మకానికి ఉంది, కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, సియాటిల్

జవాబు: అమ్మా, ఆ 25 డిగ్రీలు గాలివి. పడవ తిరగబడితే మీరు పడేది నీళ్లలో. లేక్ వాషింగ్టన్ ఆగస్టులో 20 డిగ్రీలు దాటుతుంది కాబట్టి నిరుడు మీకేమీ తెలియలేదు. ప్యూజెట్ సౌండ్ నడిమధ్య నీళ్లు నడివేసవిలోనూ 13, 14 డిగ్రీలకు మించి వెచ్చబడడం అరుదు. అందులో పడగానే ఊపిరి మన మాట వినదు. నోరు తెరిచి ఎగపీల్చే ఆ క్షణంలో అల ముఖానికి కొడితే, ఎంత ఈత వచ్చినా నీళ్లు మింగాల్సిందే. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యులు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు మన చెప్పుచేతల్లో ఉండేది 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి 1 గంట. అది మంచులాంటి నీళ్ల లెక్క. మీ దగ్గర ఆ పది నిమిషాలు, ఆ గంట కాస్త పెరుగుతాయి గానీ వరుస మారదు. జనం ఆ గంటను తలచుకుని భయపడతారు, నేను మొదటి నిమిషానికి భయపడతాను.

కాబట్టి కొనండి. అయితే పలుచటి గుడ్డతో కుట్టిన డ్రైసూట్ నీళ్లను ఆపుతుందే తప్ప వెచ్చదనం ఇవ్వదు. ఆ పని లోపల వేసుకునే ఉన్ని, ఫ్లీస్ బట్టలది. జులైలో పలుచటి పొర ఒకటి చాలు. నూలు బనియను మాత్రం వద్దు, చెమటకు తడిసి ఒంటికి అంటుకుంటుంది.

పాతది కొనడానికి నాకు అభ్యంతరం లేదు, కొత్తది వెయ్యి డాలర్లు దాటడం మామూలే. మొదట జిప్ చూడండి. మెడ, మణికట్ల దగ్గర నీళ్లు దూరకుండా బిగుతుగా పట్టి ఉండే రబ్బరు అంచులు, అంటే సీళ్లు, అరిగితే మార్చుకోవచ్చు. జిప్ మార్పించడం ఖరీదైన పని, పళ్ల పక్కన గుడ్డ చీలి ఉంటే ఆ బేరం వదిలేయండి. తర్వాత సూట్ తిరగేసి కుట్ల మీది పట్టీలు లేచాయేమో, సూట్‌కే అతికి ఉండే సాక్సు అరికాళ్లు అరిగాయేమో చూడండి. ఒప్పుకుంటే అమ్మేవారి ఇంట్లోనే పరీక్షించండి. మెడలో అంచు నున్నగా ఉన్న గిన్నె, ఒక మణికట్టులో నీళ్ల సీసా బిగించి, రెండోదాంట్లోంచి గాలి పరుపుల పంపుతో గాలి కొట్టి, దాన్నీ మూసేయండి. సబ్బునీళ్లు పూస్తే కారే చోట బుడగలు వస్తాయి. కుట్టు దగ్గర ఒకటీ అరా కనిపిస్తే జిగురుతో పోతుంది. గుడ్డ పొడవునా నురుగులా లేస్తే నీళ్లను ఆపే లోపలి పొర చచ్చినట్లే.

ఇంకొకటి, మూత్ర విసర్జనకు వీలుగా పిరుదుల దగ్గర వేరే జిప్ ఉన్నదే తీసుకోండి. అది లేకపోతే, ఒడ్డుకు వచ్చి సూట్ మొత్తం విప్పాలనే బెంగతో ఆడవాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగరు.

ప్రశ్న: డ్రైసూట్ కొని ఏడాది తిరక్కుండానే మెడ దగ్గర లేటెక్స్ రబ్బరు జిగురుగా మారి చిరిగింది. సరుకు నాసిరకమా?
– ఒక పాఠకుడు, గ్లాస్గో

జవాబు: తలకు ఏం రాసుకుంటారో మీరు రాయలేదు. కొబ్బరినూనె అయితే సరుకును తిట్టకండి. నూనె తగిలిన లేటెక్స్ మెత్తబడి సాగిపోతుంది. సన్‌స్క్రీన్, దోమల మందు కూడా అంతే. పడవ ఎక్కే రోజు తలకు నూనె వద్దు, మెడ తుడుచుకుని వేసుకోండి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, నీడలో లోపలా బయటా ఆరనిచ్చి, సీళ్లకు సువాసన లేని టాల్కం పౌడరు అద్దండి. ఎండలో ఆరేస్తే రబ్బరుకు ఆయుష్షు ఉండదు. గొలుసు, ఉంగరాలు, గడియారం ముందే తీసేయాలి, గోళ్లు కత్తిరించుకోవాలి. మీ ఇంట్లో ఆడవాళ్లు కూడా వస్తుంటే నల్లపూసలు, గాజులూ ఒడ్డునే. ఇవన్నీ కుదరవంటే మెడకు నియోప్రీన్ (స్పాంజిలాంటి మందపాటి రబ్బరు) సీల్ వేయించుకోండి. కాస్త నీరు ఊరుతుంది గానీ మొరటు వాడకానికి ఆగుతుంది.

కొత్త లేటెక్స్ సీల్ బిగుతుగా ఉంటే రాత్రంతా గిన్నెకు తొడిగి ఉంచండి. అప్పటికీ ముఖం ఎర్రబడుతుంటే పదునైన కత్తెరతో సీల్ చుట్టూ ఉండే గీతల వెంట ఒక్కోటిగా కత్తిరించాలి. గాటు పడితే అక్కడి నుంచే చిరుగుతుంది.

ఇత్తడి జిప్‌కు మైనం పూయండి. ప్లాస్టిక్ జిప్‌కైతే మూసుకునే కొస దగ్గర మాత్రమే, దాంతో ఇచ్చిన గ్రీజు చాలు. ఏ జిప్‌నైనా మడత పెట్టకూడదు.

ప్రశ్న: డ్రైసూట్‌లో గాలి ఉంటుంది కదా, లైఫ్ జాకెట్ కూడా కావాలా?
– మరో పాఠకుడు

జవాబు: కావాలి, అదీ సూట్ పైన. గాలి ఎక్కువైతే ఈదడమే కష్టం. పడవ ఎక్కేముందు గొంతుక్కూర్చుని, మెడ సీల్‌ను ఒక వేలితో లాగి, ఉన్న గాలి వెళ్లగొట్టండి.